నాలుగు మూలలు

పొడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి ఇత్తడి రాళ్లను తుడుస్తున్నాను. చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదాని దాకా వెళ్లాలి. వేలితో తాకకూడదు, పట్టకారుతో పట్టుకోవాలి. చేతి చెమట కూడా బరువేనని నాన్న మాట. రోజూ ఇల్లు ఊడ్చాక నేను చేసే మొదటి పని అది. చిన్న రాళ్లు చెక్కపెట్టెలో, గుడ్డ పరిచిన గుంతల్లో కూర్చుంటాయి. పెద్దవి, ఐదేసి కిలోల ఇనప గుండ్లు నాలుగు, మంచం కింద తాడు కట్టిన మరో పెట్టెలో ఉంటాయి. ఎక్కడైనా కాటా సరిచూడడానికి వెళ్తే రెండు పెట్టెలూ వెళ్లాలి.

ఆ పొద్దున అన్నయ్య చిన్న పెట్టె ఒక్కటే సంచీలో పెట్టుకున్నాడు.

"పెద్ద పెట్టె?" అన్నాను.

"ష్!" అని నాన్న గదివైపు చూశాడు. "విత్తనాల కంపెనీవాళ్లవి పదహారూ కొత్త కాటాలే. అట్టపెట్టెలు కూడా ఇంకా విప్పలేదు. ఈ ఎండలో ఇరవై కిలోల ఇనుము మోసుకుని బస్సెక్కితే, నన్ను కూడా సామానే అనుకుని టాపు మీద పడేస్తారు."

"మరి నాలుగు మూలలు ఎలా చూస్తావు?"

"కళ్లతో చూస్తాను. నత్తగుల్లా, నీకెందుకే ఇవన్నీ? నాన్నకి చెప్పావో, ఇంటర్వ్యూకి నీకు పాఠాలు చెప్పను. అంతే!"

నవ్వుతూ వెళ్లిపోయాడు. నేను రాళ్లకు బదులు పెద్ద పెట్టె మూత తుడిచాను. మర్నాడు కూడా తుడిచాను. కదలని పెట్టె మీద దుమ్ము పేరుకుంటుంది కదా. ఎందుకు తుడుస్తున్నావని ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు.

తాతగారి కాలం నుంచి మా ఇంటి పని తూకాలు సరిచూడడం. కాటా సరిగ్గా ఉందని తేలితే, విప్పడానికి వీల్లేకుండా తీగ బిగించి, దానికి సీసపు ముద్ర వేస్తాం. మూడు చుక్కలు, కింద ఒక గీత. ఆ ముద్ర ఉన్న కాటాను ఎవరూ అనుమానించరు. నాన్న కళ్లకు పొర కమ్మి రెండేళ్లయింది. అప్పటి నుంచి ముద్ర అచ్చు అన్నయ్య చేతికి వచ్చింది.

నాన్న పని వేరు. రోజుకు రెండు కాటాలు, మహా అయితే మూడు. ఒకే గుండును ముందు పళ్లెం నడుమ పెట్టేవాడు, తర్వాత నాలుగు మూలల్లోనూ పెట్టేవాడు. అయిదు చోట్లా ఒకే అంకె వస్తేనే ముద్ర. "మనిషైనా కాటా అయినా నడుమ బాగానే ఉంటుందమ్మా. మూలకి తోసినప్పుడే బుద్ధి తెలిసేది" అనేవాడు. నాకు ఆరేళ్లప్పటి నుంచి ఆ గుండును జరిపే పని నాదే. ఊరిబడిలో ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన చదువు అది.

పదహారు కాటాలకు నాన్నకైతే వారం పట్టేది. అన్నయ్య సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు.

*

ఆ విత్తనాల కంపెనీలోనే తూకాలు చూసే మనిషి కావాలని ప్రకటన వచ్చింది. వానలు మొదలయ్యేసరికి రైతులు గింజలు తెస్తారు, ప్రతి సంచీ తూకం దగ్గరా ఒకరు నిలబడి చూసి సంతకం పెట్టాలి. దరఖాస్తు అన్నయ్యే తెచ్చాడు, అన్నయ్యే నింపాడు, నేను సంతకం పెట్టాను.

ఆ ఉద్యోగం రాకపోతే నేనెక్కడికి వెళ్లాలో అప్పటికే తేలిపోయింది. మంచం పట్టిన పెద్దత్త దగ్గరికి. కబురు మీద కబురు వస్తోంది. 'వానలు పడేలోగా పిల్లను పంపండి, నాకు తోడుగా ఉంటుంది' అని. పెద్దత్త చెడ్డది కాదు. కానీ ఆమె గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడకు ఎదురుగా. ఇంతకుముందు తోడుకు వెళ్లిన మా పిన్నికూతురు పద్దెనిమిదేళ్లకు వెళ్లి ముప్పై ఒకటికి తిరిగొచ్చింది. అమ్మ నా బట్టలు ఒక సంచీలో సర్ది తలుపు వెనక పెట్టింది. "కంపెనీకైతే సంచీ ఎందుకు, రోజూ ఇంటికొస్తావుగా. అత్త దగ్గరికైతేనే కావాలి" అంది. ఆ సంచీ కనబడకుండా ఇంట్లో తిరగడం కుదిరేది కాదు.

అన్నయ్య రోజూ సాయంత్రం పెరట్లో డ్రమ్ము బోర్లించి, దానిమీద కూర్చుని, నాన్న కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని ఆఫీసరు అయిపోయేవాడు.

"రామ్మా, కూర్చో. నీ గురించి చెప్పు."

"నేను... ఊరిబడిలో చదువుకున్నానండీ."

"ఊఁ?"

"తర్వాత ఇంట్లో ఉన్నానండీ."

"అయిపోయిందా? తర్వాతివాళ్లు రండి!"

పక్కింటి ఇస్త్రీ మావయ్య గోడ మీంచి తల పెట్టాడు. "ఆఫీసరుగారూ, పిల్లకి కాస్త టైమివ్వండి. బొగ్గు రాజుకోడానికి కూడా టైము పడుతుంది."

"టైమెక్కడిది మావయ్యా? అరవై మంది వస్తారు, కొలువు ఒకటి. మధ్యాహ్నమయ్యేసరికి వాళ్లకి మొహాలన్నీ ఒకేలా కనబడతాయి. ఏదో ఒకటి చెయ్యాలి. ఇంటికెళ్లి భోంచేస్తూ కూడా 'ఎవరబ్బా ఆ పిల్ల' అనుకోవాలి. గుర్తుండిపోవాలే, నత్తగుల్లా! ఏదీ, ఒకసారి నవ్వు."

నవ్వాను.

"అది నవ్వా? పన్ను పీకించుకోడానికి వచ్చినట్టుంది!"

అమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల నాన్న కూడా నవ్వాడు. కళ్లు పోయాక నాన్న అలా నవ్వడం నేను వినలేదు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు నన్ను గెలువు, చూద్దాం" అన్నాడు అన్నయ్య, డ్రమ్ము మీద దరువేస్తూ.

అలా మూడు వారాలు. నేను కళ్లలోకి చూడడం నేర్చుకున్నాను. చేతులు కట్టుకోకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. నవ్వు మాత్రం రాలేదు.

*

కంపెనీ వరండాలో బెంచీల మీద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. నా ముందున్న అమ్మాయి పట్నం కాలేజీలో చదివింది. తన కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి, నావి అన్నయ్య పాత క్యాలెండరు అట్టకు క్లిప్పు పెట్టి ఇచ్చాడు. లోపలికి వెళ్లినవాళ్లు ఐదు నిమిషాల్లో బయటికి వస్తున్నారు. ఏమడిగారంటే అందరిదీ ఒకటే మాట. "నాలుగు ప్రశ్నలు. తర్వాత ఒక సంచీ తూచి బరువు రాయమన్నారు. చాలా తేలిక."

నా వంతు వచ్చింది. బల్ల వెనక ఇద్దరు. ఒకావిడ కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంది. పక్కనాయన విసనకర్రలాగా నా కాగితాలతోనే విసురుకుంటున్నాడు. గోడవారన అటెండరు నిలబడ్డాడు. బల్లకు ఇవతల స్టూలు మీద కాటా, దాని పక్కన గింజల సంచీ.

ప్రశ్నలకు జవాబులు చెప్పాను. అన్నయ్య నేర్పినవి నాలుగు చెప్పేలోపు రెండు మరిచిపోయాను. నవ్వబోయి మానేశాను. ఆయన అప్పటికే తర్వాతి కాగితం తీస్తున్నాడు.

"ఆ సంచీ తూచి, బరువు రాసి, సంతకం పెట్టమ్మా" అంది మేడమ్.

ఖాళీ పళ్లెం చూశాను. సున్నా. సంచీ నడుమ పెట్టాను. సరిగ్గా ఐదు కిలోలు. అందరూ అక్కడే ఆగి రాసుంటారు. నా చేతులు ఆగలేదు, నన్ను అడగనూ లేదు. సంచీని ఇవతలి కుడి మూలకు జరిపాయి. ఐదు. ఇవతలి ఎడమ. ఐదు. అవతలి కుడి. ఐదు.

"ఏంటమ్మా, చదరంగం ఆడుతున్నావా?" అన్నాడు ఆయన.

అవతలి ఎడమ మూల. నలభై గ్రాములు తక్కువ.

సంచీ ఎత్తి, సున్నా వచ్చేదాకా ఆగి, మళ్లీ అక్కడే పెట్టాను. నలభై గ్రాములు తక్కువ. అంకె సరిగ్గా చూద్దామని వంగినప్పుడు కాటా పక్కన తీగ కనిపించింది, తీగకు సీసపు బిళ్ల. మూడు చుక్కలు. కింద గీత.

తుడిచిన పెట్టె మూత కళ్లముందుకొచ్చింది.

"ఏమైంది?" అంది మేడమ్.

ఏమీ లేదండీ అనొచ్చు. కాగితం మీద ఐదు అని రాసి సంతకం పెట్టొచ్చు. రాస్తే నేను అరవై మందిలో ఒకదాన్ని, తలుపు వెనక సంచీ సిద్ధంగా ఉంది. రాయకపోతే ఆ ముద్ర ఎవరిదో ఈవిడ అడుగుతుంది. ఆ మూలకే సంచీ పెట్టే రైతు కూడా గుర్తొచ్చాడు, కాదనను. కానీ ముందు గుర్తొచ్చింది ఏదంటే చెప్పలేను. నిజం కోసం నోరు తెరిచానో, ఉద్యోగం కోసం తెరిచానో ఈనాటికీ నాకు తేలలేదు.

"ఈ మూలలో తక్కువ చూపిస్తోందండీ" అన్నాను.

ఆయన విసురుకోవడం ఆపాడు. మేడమ్ లేచి వచ్చి తనే సంచీ పెట్టి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"పొద్దుటి నుంచి నలభై ఒక్క మంది తూచారు" అంది మెల్లగా. "ఇలా చూడాలని నీకెవరు చెప్పారు?"

"ఇంట్లోనండీ. నాన్న దగ్గర."

నా దరఖాస్తు తిరగేసింది. అందులో అన్నయ్య గుండ్రటి అక్షరాలతో రాశాడు, తండ్రి వృత్తి తూనికల మరమ్మతు అని. కళ్లజోడు పెట్టుకుని ముద్ర దగ్గరకు వంగింది. చాలాసేపు చూసింది.

"ఈ ముద్ర..."

"మాదేనండీ."

అటెండరు గోడ వదిలి ముందుకు ఒక అడుగు వేశాడు. మేడమ్ కాగితం మీద ఏదో రాసింది. అన్నయ్య చెప్పినట్టే ఆమె కళ్లలోకి చూడబోయాను, ఆమె తలెత్తలేదు.

"సరే, వెళ్లిరా" అంది.

*

అన్నయ్య బస్సు ఆగేచోట ఎండలో నిలబడి ఉన్నాడు. నా చేతిలో అట్ట లాక్కుని విసురుతూ నడిచాడు.

"ఏమడిగారు?"

"సంచీ తూచమన్నారు."

"తూచావా?"

"తూచాను."

"నవ్వావా?"

"లేదు."

"ఛ! మూడు వారాల కష్టం బూడిదలో పోశావు కదే! వాళ్లకసలు గుర్తుంటావా?"

"ఉంటాను" అన్నాను.

వీధి మధ్యలో ఆగిపోయి నా మొహంలోకి చూశాడు. తర్వాత విరగబడి నవ్వాడు. "మావయ్యా, విన్నావా? మా నత్తగుల్ల కొమ్ములు బయటపెట్టింది! గుర్తుంటుందట!" అని దూరం నుంచే ఇస్త్రీ బండికి వినబడేలా అరిచాడు.

ఆ పూటే చెప్పాల్సింది. కాళ్లు కడుక్కోగానే చెబుదామనుకున్నాను. అప్పుడు అమ్మ ఉంది. భోజనమయ్యాక అనుకున్నాను. అప్పుడు వాడు గోడకానుకుని నిద్రపోయాడు. మర్నాడు వాడు ఇత్తడి రేకు కోసి, వంచి, ఆకురాయితో అంచులు అరగదీసి నా వేళ్లకు సరిపోయే పట్టకారు చేశాడు. "కంపెనీలో రాళ్లు చేత్తో పట్టుకుంటే నా పరువు పోతుంది" అని నా ఒళ్లో పడేశాడు. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. రోజూ పొద్దున గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినబడితే చాలు, కంపెనీవాళ్లే వచ్చారనుకుని గుడ్డ అలాగే పట్టుకుని కూర్చుండిపోయేదాన్ని. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నానని అమ్మ అనుకుంది. "వస్తుందిలే తల్లీ, ఆ మొహం చూడలేకపోతున్నాను" అంది.

అలా పన్నెండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు సాయంత్రం నేను ఉతికిన బట్టల మూట తీసుకుని ఇస్త్రీ మావయ్య దగ్గరికి వెళ్లాను. అన్నయ్య బండి పక్కన రాయి మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. కంపెనీ అటెండరు తన ఖాకీ చొక్కా ఇస్త్రీకి తెచ్చాడు.

"మా కంపెనీలో ఇప్పుడెవరి నోట విన్నా ఒక పిల్ల సంగతే" అంటున్నాడు. "ఇంటర్వ్యూకొచ్చి, కాటాలోనే తప్పు పట్టేసింది. నలభై మంది తూచి పోయారు, ఒక్కరికీ తట్టలా. మేడమైతే ఇంటికెళ్లి కూడా అదే తలుచుకుందట. అదిగో... అరె! ఈ పిల్లే!"

అన్నయ్య నా వైపు తిరిగాడు. మొహమంతా నవ్వు మొదలైంది. "చూశావా మావయ్యా, నేను చెప్పలా..." అన్నాడు. నవ్వు అక్కడితో ఆగింది.

"ఏ కాటా?" అని అడిగాడు అటెండరును.

"మొన్న వచ్చిన కొత్తవే. నడుమ బాగానే ఉందట, ఒక మూలలో తేడా. మిగతా పదిహేనూ ఇప్పుడు పక్కన పెట్టేశారు."

"ఏ మూల?"

"అవతలి ఎడమ మూల. అయినా ఆ ముద్ర వేసినవాడెవడో గానీ..."

ఇస్త్రీ మావయ్య గట్టిగా దగ్గాడు. అటెండరుకు అర్థం కాలేదు. ఇస్త్రీపెట్టె కింద ఖాకీ చొక్కా కాలి వాసన వచ్చింది. మావయ్య గబుక్కున పెట్టె ఎత్తి, "పొగ రావట్లేదు కదా అని ఇస్త్రీపెట్టెను నమ్మకూడదయ్యా" అన్నాడు. ఎవరినుద్దేశించి అన్నాడో మరి. ఎవరూ నవ్వలేదు.

అన్నయ్య నా చేతిలో మూట తీసుకుని బండి మీద పెట్టాడు. నన్ను చూడకుండా ఇంటివైపు నడిచాడు.

*

పెరట్లో డ్రమ్ము దగ్గర నా కోసం ఆగాడు.

"పన్నెండు రోజులు" అన్నాడు. "ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"చెబుదామనే అనుకున్నాను అన్నయ్యా. రోజూ..."

"నాకు చెప్పడానికి పన్నెండు రోజులు సరిపోలేదు. వాళ్లకి చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టలేదు."

"చేతులు వాటంతటవే జరిపాయి. ముద్ర తర్వాత చూశాను."

"చూశాక నోరు కూడా దానంతటదే తెరుచుకుందా?"

డ్రమ్ము అంచున తుప్పును గోటితో గీకాను.

"ఏంట్రా అది? ఎందుకు దాని మీద అరుస్తున్నావు?" అని అమ్మ వచ్చింది. అప్పటికి వాడు అరవడం లేదు. అరిచి ఉంటే బాగుండేది.

లోపలి నుంచి నాన్న పిలిచాడు. "ఇద్దరూ ఇటు రండి. పెద్ద పెట్టె ఇలా లాగండి."

అన్నయ్య మంచం కింద నుంచి పెట్టె లాగాడు. నాన్న కిందికి దిగి కూర్చుని మూత మీద అరచేయి రాశాడు. నున్నగా, శుభ్రంగా ఉంది. అక్కడితో ఆగుతాడేమో అనుకున్నాను. చేయి తాడు వెంట పోయి ముడి దగ్గర ఆగింది. వేళ్లతో ముడిని అటూ ఇటూ తడిమాడు.

"ఈ ముడి నాది" అన్నాడు. "చలికాలంలో వేశాను. నీ ముడైతే ఒక్కసారి లాగితే ఊడొస్తుంది."

అన్నయ్య తల వంచుకున్నాడు. నేను రోజూ ఆ పెట్టె తుడిచాను. ముడి మాత్రం చూడలేదు.

"కొత్త కాటాలు నాన్నా. అన్నీ సరిగ్గానే ఉంటాయని..." అన్నాడు అన్నయ్య.

"కాటా కొత్తదే. ముద్ర మీ తాతది."

నాన్న మొహం నేను ఉన్నవైపు తిప్పాడు. చూపు నా భుజం పక్కనుంచి పోయింది.

"పెట్టె వెళ్లలేదని నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఎప్పటినుంచి?"

"ఆ పొద్దుటి నుంచే."

"మూత ఎవరు తుడిచారు?"

"నేనే."

నాన్న తలూపాడు. కోప్పడలేదు. "అయితే వాడొక్కడి తప్పు కాదు" అన్నాడు. "ఇంట్లో అనాల్సిన మాట ఇంట్లో మింగి, బయట కక్కావు. సరేలే. ఎక్కడో ఒకచోట అన్నావు."

అన్నయ్య లేచి బయటికి పోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. అన్నయ్యకు నోట్లో నువ్వుగింజ నానదనేది అమ్మ. అలాంటివాడు నీళ్లు కావాలన్నా అడగడం మానేసి, లేచి తనే ముంచుకున్నాడు.

*

కంపెనీ నుంచి రెండు కవర్లు ఒకే రోజు వచ్చాయి. నాన్నకు కనబడదు, అన్నయ్య ముట్టుకోలేదు. రెండూ నేనే పైకి చదవాల్సి వచ్చింది.

మొదటిది నాది. తూకాలు చూసే ఉద్యోగానికి నన్ను తీసుకున్నారు, వచ్చే సోమవారం చేరాలి. అమ్మ చేతులు జోడించబోయి, అన్నయ్యను చూసి మధ్యలో దించేసింది.

రెండోది మా ఇంటి ముద్ర గురించి. పదహారు కాటాలూ అదే సోమవారం మళ్లీ సరిచూడాలి. సరిచూసినవాటిని కంపెనీ తరఫున ఒకరు పరీక్షిస్తారు. ఒక్కటి తప్పినా ముద్ర అచ్చు తిరిగి అప్పగించాలి, ఇక ఎక్కడా వేయకూడదు.

"కంపెనీ తరఫున అంటే ఎవరు?" అని అడిగింది అమ్మ.

చివరి వాక్యం మిగిలి ఉంది. "కొత్తగా చేరుతున్న తూకాల పరిశీలకురాలు" అని చదివాను.

తలుపు వెనక నా బట్టల సంచీ ఉంది. అమ్మ దానివైపు చూసి, నావైపు చూసి, "ఒక్క రోజు ఆలస్యంగా చేరతానని రాయకూడదూ? ఒంట్లో బాగాలేదని. ఆ పరీక్ష ఏదో ఇంకెవరైనా చేస్తారు" అంది.

"ఎవరు చేసినా అవే నాలుగు మూలలు" అన్నాడు నాన్న. "ఇది చేస్తే కనీసం సరిగ్గా చేస్తుంది."

"తప్పు వస్తే? అన్న తప్పును చెల్లెలు రాసి సంతకం పెట్టాలా?"

"తప్పు వస్తే రాయాలి."

అన్నయ్య గోడకానుకుని వింటున్నాడు. మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు. డ్రమ్ము మీద కూర్చుని ఆఫీసరు వేషం వేసినప్పుడు కూడా అంత సూటిగా చూడలేదు. రాస్తావా అని ఆ చూపు అడుగుతోంది. నేను చూపు దించుకోలేదు. అలా చూడడం నాకు వాడే నేర్పాడు.

మిగిలిన నాలుగు రోజులూ ఎండ మండిపోయింది. ఇస్త్రీ మావయ్య నా బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చి, "మడత పోకుండా వెళ్లిరా" అన్నాడు. ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. మావయ్య కూడా మాట వెతుక్కోవడం ఆ రోజే చూశాను.

*

సోమవారం తెల్లవారేసరికి మబ్బు పట్టింది. గాలిలో తడిమట్టి వాసన. నేను ఎప్పటిలాగే పొడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి చిన్న రాళ్లు తుడుస్తున్నాను. అన్నయ్య చేసిన పట్టకారు కొత్తది, ఇంకా కాస్త బిగువుగా ఉంది. దానితోనే తుడిచాను.

వాడు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మంచం కింద నుంచి పెద్ద పెట్టె లాగాడు. నాన్న ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పంటితో కూడా లాగాడు. మూత తెరిచి చేయి చాచాడు. నా చేతిలో గుడ్డ ఇచ్చాను. నాలుగు గుండ్లనూ ఒక్కొక్కటే పైకి తీసి, అడుగున కూడా తుడిచి, మళ్లీ లోపల పెట్టాడు.

తాడు కట్టాడు. ముడి వేసి లాగి చూశాడు, ఊడింది. మళ్లీ వేశాడు. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు, తాడు చప్పుడు వింటున్నాడని వీపు చూస్తే తెలుస్తోంది. మూడోసారి వేసి, పెట్టెను తాడు పట్టుకుని గాల్లోకి ఎత్తి ఊపాడు. ముడి నిలిచింది.

నేను చిన్న పెట్టె మూత వేసి వాడివైపు జరిపాను. సంచీలో పెట్టుకున్నాడు. అమ్మ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చెల్లిని తీసుకెళ్లడానికి కంపెనీ బండి గంటలో వస్తుందట్రా" అంది అమ్మ. "ఇద్దరూ కలిసి వెళ్లొచ్చు కదా."

అన్నయ్య గ్లాసు తీసుకుని సగం తాగాడు, మిగతా సగం తిరిగి ఇచ్చాడు. పెద్ద పెట్టెను భుజానికెత్తుకున్నాడు. ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగి, నిలదొక్కుకుని, గడప దాటాడు. బయట ఒకటి రెండు చినుకులు పడుతున్నాయి. తలుపు వేయకుండానే వెళ్లిపోయాడు.